మిట్టమధ్యాహ్నం మెట్ల మీద

మా హాస్టల్ వంటామె చీకట్లో మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుందనీ, నేను కమిటీతో పోట్లాడి ఆ మెట్లకు బల్బు పెట్టించినాననీ మా కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ఎదురుగానే చెప్తారు, అదీ మెచ్చుకోలుగా. నేను కాదంటే వినయం అనుకుంటారు. నాకు వినయం ఉందని ఇంతవరకూ ఎవరూ నింద వేయలేదు గనక సంగతి సరిగ్గా చెప్పేస్తాను. ఆమె పడింది చీకట్లో కాదు. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండలో. ఇక బల్బు అంటారా, అది నేను ఆ హాస్టలుకు రాకముందు నుంచీ అక్కడే వేలాడుతుండేది. నేను చేయించిందల్లా దాన్ని అక్కడినుంచి పీకించడం.

డెబ్బైలలోని మాట ఇది. తిరుపతిలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం కొత్తగా వచ్చింది నాకు. ఇల్లు బాడుగకు ఇచ్చేవాళ్లు "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా" అని అడిగి, నాకింకా పెండ్లి కాలేదంటే తాళంచెవి మళ్లీ మొలలో దోపుకొనేవాళ్లు. అందుకని ఊళ్లో బట్టల వ్యాపారులు కొందరు కమిటీగా కలిసి నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఒక గది తీసుకున్నాను. గదికి బాడుగ లేదు, బదులుగా పిల్లల్ని కనిపెట్టుకొని ఉండాల.

పాత ఇల్లు అది. కింద వంటిల్లు, పైన గదులు, ఆ పైన మిద్దె. గదుల నుంచి మిద్దె మీదికి పోయే మెట్లు రెండు గోడల నడుమ ఇరుకుగా పోయి, మధ్యలో ఒక మలుపు తిరిగేవి. కిటికీ లేదు. మెట్లకు నల్లటి కడప బండ పరిచినారు. మలుపు కాడ మెట్లు విసనకర్ర మడతల మాదిరి ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క అడుగు కూడా పట్టనంత సన్నగా ఉండేవి. గదులు చల్లగా ఉంటాయని ఎండాకాలం రాగానే మిద్దెకంతా తెల్లగా సున్నం కొట్టించేవాళ్లు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేరం చేసినవాళ్లు ఈ మెట్లూ, ఈ నల్లబండా, ఈ సున్నమే. కానీ ఆ రోజు బోనులో నిలబెట్టింది వీళ్లను కాదు.

వంటామెది ఏర్పేడు పక్క పల్లె. యాభై దాటిన మనిషి. మొగుడు పోయినాక ఇక్కడికి వచ్చి, వంటింటి పక్కన చిన్న గదిలో ఉంటూ పిల్లలకు వండిపెట్టేది. పిల్లలు పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. నోరు నాకంటే పెద్దది. మా ఇద్దరికీ బొత్తిగా పడేది కాదు, అందువల్ల ఒకరంటే ఒకరికి గౌరవం ఉండేది.

ఆ రోజు మజ్జిగలో ఊరేసిన మిరపకాయలు మిద్దె మీద ఆరబోసి, సెలవులకు ఇంటికి పోకుండా ఉన్న కొద్దిమంది పిల్లల భోజనాలు అయినాక ఎత్తుకు రావడానికి పోయింది. చేట రెండు చేతులా పట్టుకొని దిగుతా మలుపు కాడ అడుగు తప్పింది. మేము పరిగెత్తేసరికి మెట్ల కింద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో వేలాడతా ఉంది. కుడి చేత్తో చుట్టూ పడిన మిరపకాయల్ని ఏరి చేటలో వేసుకుంటా ఉంది.

"తొక్కద్దండే! ఎంత ఎండకు ఎండినాయో తెలుసా?" అని మా మీదనే అరిచింది.

మరుసటి రోజు పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొచ్చింది. దాని వెనకాలే కమిటీ పెద్దాయన వచ్చినాడు. పట్టుపంచె, నుదుట నామం, చంకలో గొడుగు. మంచివాడే. మంచివాళ్లతో వాదించడమే కష్టం, ఎందుకంటే వాళ్లు మన మేలు కోరి మాట్లాడతా ఉంటారు.

"చెయ్యి ఇరిగితే అతుక్కుంటాదమ్మా," అన్నాడు నాతో. "కండ్లు పోతే ఏం చేస్తాం? బియ్యంలో రాళ్లు తగులుతా ఉండాయని పిల్లలు చెప్తానే ఉండారు. రేపు పప్పులో బల్లి పడినా ఆమెకు కనపడదు. కాలేజీ తెరిచే లోపల ఇంకొకర్ని చూస్తాము. ఆమె ఇంటికి పోయి విశ్రాంతిగా ఉంటాది."

ఈ మాట వంటామెకు నేనే చెప్పినాను. ఆమె పొయ్యి ముందర కూర్చొని కట్టు కట్టిన చేత్తోనే పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తా ఉంది.

"ఇల్లా? యాడుండాది నాకు ఇల్లు? అది మా వదినిల్లు. గిన్నెలో గరిటె ఎంత లోతుకు పోతాదో అని సూస్తా కూసుంటాది ఆమె. ఆమె పెట్టే కూడు తినేకంటే రెండో చెయ్యి కూడా ఇరగ్గొట్టుకొని ఈడనే కూసుంటా."

"కండ్లు కనపడతాయా లేదా, నిజం చెప్పు."

"నీ జాకెట్టుకు రెండో హుక్కు ఊడిపోయిండాది, సూసుకో. నన్నడగొచ్చినావు."

చూసుకున్నాను. ఊడిపోయి ఉంది.

అప్పుడు పట్టుకుంది నాకు. జాలి కాదు, జాలి నాకు ఆలస్యంగా వస్తుంది. హుక్కు కనపడిన కంటికి ఆ మెట్టు ఎందుకు కనపడలేదు? అది తెలుసుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

మెట్ల మీద వెలుతురు సరిగ్గా లేదేమో చూడండని పెద్దాయనను అడిగినాను. ఆయన కాదనలేదు, వైర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకొనే వచ్చినాడు. ఎప్పుడు వచ్చినాడు? దీపాలు పెట్టే వేళకు. మన ఊళ్లల్లో వెలుతురును పరీక్ష చేయాలంటే ఎవరైనా అప్పుడే వస్తారు. పగలు వెలుతురుకేం పరీక్ష? వైర్‌మ్యాన్ స్విచ్చి వేసినాడు. మలుపు కాడ వైరుకు వేలాడే బల్బు వెలిగింది. ముగ్గురమూ చేతులు జోడించి బల్బుకు దండం పెట్టినాము, నేను కూడా. ఫిజిక్స్ చదివినంత మాత్రాన సాయంత్రం దీపానికి మొక్కని ఆడది తిరుపతిలో ఎవరుండారు?

"ఎన్ని క్యాండిల్‌దప్పా అది?" అన్నాడు పెద్దాయన.

"అరవై, సామీ. కావాలంటే వంద వేద్దాం."

"వందే వేసెయ్. అమ్మాయి అడిగింది కదా."

వంద క్యాండిల్ బల్బు వెలిగింది. మెట్టు మెట్టూ కనపడింది. పెద్దాయన దిగి, ఎక్కి, మళ్లీ దిగి చూపించినాడు.

"సూది పడినా కనపడతాది. ఇంకేమి?"

"అయ్యా, ఆమె పడింది రాత్రి కాదు. మధ్యాహ్నం."

ఆయన నన్ను జాలిగా చూసినాడు. "మరింత అధ్వానం కదమ్మా అది! రాత్రి పడిందంటే పోనీలే దీపం సాలలేదనుకుందుము. అంత ఎండ పెట్టుకొని కనపడలేదంటే, ఇంక కండ్లు ఉన్నట్టా, లేనట్టా?"

ఆ తర్కంలో తప్పు ఎక్కడుందో తెలుస్తానే ఉంది, వేలు పెట్టి చూపించడానికే రావడం లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనం కాగానే మిద్దె మీదికి పోయి నిలబడినాను. సున్నం మీద పడిన ఎండ కింద నుంచి కూడా మొగానికి కొడుతుంది. కండ్లు చికిలించుకొని కాసేపు ఉండి, తలుపు దాటి మెట్ల మీదికి వచ్చినాను. ఏమీ లేదు. నలుపు, ఆ నలుపులో ఆకుపచ్చ మచ్చలు. కాలితో తడుముకుంటూ ఒక మెట్టు దిగి అక్కడే కూర్చున్నాను. కొంచెం కొంచెంగా గోడ అంచు తేలింది, తర్వాత మలుపు తేలింది, చివరికి మెట్లు. ఇంత చీకటి ఉందని ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదు? తెలియకపోవడమేమి, రోజూ దిగుతానే ఉన్నాను. వయసులో ఉన్నాను, చేతులు ఖాళీగా ఉండేవి. ఒక చెయ్యి గోడకు ఆనించి, కండ్లతో పని లేకుండా అలవాటు మీద దిగుతుండినాను. వంటామెకు ఆ గోడ కూడా లేదు, రెండు చేతులూ చేటకే సరి.

ఎంత ఎక్కువ ఎండో, ఎంత తక్కువ వెలుతురో కొలిచి చూపిస్తే పెద్దాయన నోరు మూతపడుతుంది అనుకున్నాను. మా కాలేజీ ల్యాబులో ఉన్న సరంజామా రెండు దీపాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి తప్ప దేనికీ పనికిరాదు. మెట్ల మీద దాన్ని పెట్టడానికి చోటు కూడా లేదు. మా చిన్నాయన కొడుకు స్టేషను దగ్గర ఫోటో స్టూడియో నడిపేవాడు. కొండ దిగి వచ్చిన వాళ్లు గుండుతో ఫోటో తీయించుకొనేది అతని దగ్గరే.

"లైటు మీటరు ఉంది కదా నీ దగ్గర, ఇయ్యి," అన్నాను.

"ఎందుకే? మెట్లకు ఫోటో తీస్తావా?"

"కొలవాల."

"పెండ్లికొడుకుని సూడమంటే సూడవు, మెట్లు సూస్తావు. తీసుకుపో. గుండ్ల కాడ మాత్రం పెట్టాకు, ముల్లు ఇరిగిపోతాది." తనే నవ్వుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఎండలో గుండుకు ఫోటో తీస్తే గుండు పడతాది, మొగం పడదు. ఒకటి కావాలంటే ఇంకొకటి పోతాది. నీ మెట్లు కూడా అట్లాంటివేనేమో."

మిద్దె మీద పెడితే మీటరు ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. మెట్ల మీద పెడితే లేచిందో లేదో తెలియలేదు. సంబరంగా పెద్దాయన అంగడికి పోయి చెప్పినాను. ఆయన చీర మడత పెడతా విన్నాడు.

"ముల్లు లేవలేదంటే మిషను చెడిపోయిందేమో కదమ్మా," అన్నాడు.

సరే, మీటరు చెడిపోయింది. పోనీ పగలు కూడా ఆ బల్బు వేసి చూద్దామని మధ్యాహ్నం స్విచ్చి వేసినాను. తిరిగి వచ్చి చూస్తే ఆర్పేసి ఉంది. మళ్లీ వేసినాను, మళ్లీ ఆర్పేసి ఉంది. ఎవరు? ఎవరి కోసం నేను ఊరి మీద పడి తిరుగుతున్నానో ఆమే.

"పట్టపగలు దీపం యాడ పెడతారు మేడమ్మా? పీనిగ తల కాడ పెడతారు. నేనింకా సావలేదు."

"పొద్దున పూజలో దీపం పెట్టవా? అది పగలు కాదా?"

"అది సామికి. సామికీ మెట్లకూ లంకె పెడతావా?"

"మళ్లీ పడితే?"

"పడితే నా చెయ్యి. నీదేం పోయింది?"

కోపంగా నేనే స్విచ్చి వేసి మిద్దె మీదినుంచి దిగి చూసినాను. ఆమె మాటే గెలిచింది, కాకపోతే ఆమె చెప్పిన కారణానికి కాదు. ఎండలోంచి వచ్చిన కంటికి ఆ బల్బు ఒక్కటే కనపడింది. పైన రేకు టోపీ కూడా లేని బోడి బల్బు, సరిగ్గా దిగే మనిషి మొగానికి ఎదురుగా. దాని కింద మెట్లు ఇంకా నల్లగా పోయినాయి. రాత్రి సూది కూడా కనపడే దీపం పగలు మెట్టును మింగేసింది. వెలుతురు ఎక్కువైతే కనపడడం తగ్గుతుందా? బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పే వాటిలో ఇది లేదు.

అసలు సంగతి మాత్రం మిరపకాయే చెప్పింది. వంటామె చెయ్యి బాగుపడే దాకా ఆరబోసిన వాటిని ఎత్తే పని నా మీద పడింది. ఒకరోజు వాటిని ఎత్తినాక మరిచిపోయి కన్ను నలుపుకున్నాను. కన్ను మండిపోతుంటే అరచేత్తో గట్టిగా మూసుకొని, ఒంటికన్నుతో మిద్దంతా వెతికి చేట దొరకబుచ్చుకొని మెట్ల మీదికి వచ్చినాను. రెండో మెట్టు మీద చెయ్యి తీసినాను. మండే కంటికి, నీళ్లు కారే కంటికి, మెట్లన్నీ కనపడతా ఉన్నాయి. బాగున్న కంటికి ఏమీ కనపడడం లేదు. ఆ కన్ను మూసి ఇది తెరిచినాను, ఇది మూసి అది తెరిచినాను. ఒకే తలలో ఒక కంటికి పగలు, ఒక కంటికి అమావాస్య. మూసిన కన్ను మిద్దె మీదనే చీకటికి అలవాటు పడింది, తెరిచిన కన్ను ఇంకా ఎండలోనే ఉంది. మంట సంగతి మరిచిపోయి అక్కడ నిలబడి పిచ్చిదాని మాదిరి నవ్వినాను.

పెద్దాయనను మధ్యాహ్నం రప్పించడం అంత తేలిక కాలేదు. ఆ వేళకు ఆయన భోజనం చేసి ఒరగాల. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడింది, కొత్త వంటామెను మాట్లాడి కూడా పెట్టినారు. నేను అంగడి ముందర నిలబడి, బేరానికి వచ్చిన వాళ్లకు వినపడేట్టు, "మీ మెట్లు మీరే చూడడానికి భయపడితే ఇంకెవరు చూస్తారయ్యా?" అన్నాను. గొడుగు తీసుకొని బయలుదేరినాడు.

హాస్టల్ మిద్దె ఎక్కినాక గొడుగు ముయ్యమన్నాను. చెప్పులు కింద వదిలేసి వచ్చినాడు గనక సున్నం మీద కాళ్లు కాలి ఎగురుతా ఉన్నాడు.

"ఒక కన్ను అరచేత్తో మూసుకోండి. సందు లేకుండా."

"ఏందమ్మా ఈ కోతి చేష్టలు?"

"మూసుకోండయ్యా. ఇంకో కంటితో ఎండ చూస్తా ఉండండి."

కాళ్లు మార్చుకుంటా, గొణుక్కుంటా మూసుకున్నాడు. వంటామె తలుపు కాడ నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చూస్తా ఉంది. ఆమెకు తెలుసు, ఇది ఆఖరి మాట అని. కాసేపు ఆగి ఆయన్ను మెట్ల మీదికి నడిపించినాను.

"ఏమన్నా కనపడతా ఉండాదా?"

"ఏమీ లేదమ్మా. పట్టుకో, పట్టుకో నన్ను."

"ఇప్పుడు ఆ చెయ్యి తీసి, ఈ కన్ను ముయ్యండి."

ఆయన చెయ్యి తీసినాడు. కన్ను మార్చినాడు. మళ్లీ మార్చినాడు. గోడకు ఆనుకొని చిన్నపిల్లవాడి మాదిరి అదే పనిగా మారుస్తా ఉన్నాడు.

"ఏందయ్యా, మీకు ఒక కన్ను పోయిందా?" అన్నాను. "మిమ్మల్ని కూడా అంగడి నుంచి తీసేయమని చెప్పాల్నా?"

"నీ నోరుండాదే," అన్నాడు. కానీ కిందికి దిగినాక వంటామె వైపు చూడకుండా, "కొత్తామెను రావద్దని చెప్తాను. నువ్వు ఉండులే," అని చెప్పి, చెప్పులు కూడా మరిచిపోయి వీధిలోకి పోయినాడు. ఆమే చెప్పులు పట్టుకొని వెనకాల పరిగెత్తింది.

ఆ తర్వాత ఆయనకు మాకంటే హుషారు వచ్చింది. మెట్ల తలుపు ముందర మిద్దె మీద కొబ్బరాకు పందిరి వేయించినాడు, ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి కాకుండా ముందు నీడలోకి వచ్చేట్టు. ఆ మాట నేను చెప్పిందే, ఇప్పుడు ఆయనదని చెప్పుకుంటారు. మెట్ల లోపలి గోడలకు సున్నం కొట్టించినాడు. మలుపు కాడి బల్బు పీకించి, కండ్లకు ఎదురు పడకుండా పైకి, గోడ వారకు జరిపించి రేకు టోపీ వేయించినాము. మెట్టు అంచు కనపడాలంటే గీత కావాలన్నాను. పసుపు అయితే దూరానికి కనపడతాదని, పైగా మంగళకరమని ఆయనే రంగు పంపినాడు. రంగు వేసే మనిషి ఇంకొంచెం శ్రద్ధ చూపించి ఎర్రటి బొట్లు కూడా పెట్టినాడు.

తెల్లారి చూస్తే పిల్లలు కప్పల మాదిరి ఎగురుతా ఉన్నారు. వంటామె అయితే చీర ఎత్తి పట్టుకొని ఒక్కొక్క అంచూ దాటుకుంటా దిగుతా ఉంది.

"ఏమిటది? తిన్నగా దిగలేవా?"

"గడప తొక్కమంటావా మేడమ్మా? నీకు పాపబీతి లేకపోతే మాకూ లేదనుకున్నావా?"

పసుపు పూసి బొట్లు పెట్టింది గడప కాక ఇంకేమి అవుతుంది? మెట్టు మెట్టుకూ గడప పెట్టించినాము. కింద పడకుండా ఉండేందుకు చేసిన పనికి ఇంకొంచెం అయితే ఎవరో ఒకరు పడేవాళ్లే. పసుపంతా గీకించి తెల్లటి సున్నపు గీత గీయించినాక గాని మనుషుల మాదిరి దిగలేదు.

ఆమె మళ్లీ పడలేదు. చేటలతో, బానలతో, జాడీలతో ఎక్కింది, దిగింది. నేను గెలిచినాననే అనుకున్నాను.

మరుసటి ఏడు ఊళ్లో ఉచితంగా కండ్లు చూస్తున్నారంటే పిల్లలు ఆమెను తీసుకుపోయినారు. రెండు కండ్లలోనూ శుక్లాలు ఉన్నాయని, ఇప్పటివి కావనీ, దూరపు చూపు కంటే ఎండా చీకటీ మారేచోటే ముందు ఇబ్బంది పెడతాయనీ డాక్టరు చెప్పినాడంట. ఆ సాయంత్రమే పెద్దాయన హాస్టలుకు వచ్చినాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను చెప్పలేదా అమ్మాయ్? కండ్లని?"

"సరే, కండ్లే. అవే కండ్లతో ఇప్పుడు ఏడాదిగా పడకుండా దిగుతా ఉందే, అది ఎట్లా? మెట్లు మారినాయి గనకే కదా?"

"మెట్లు మారినాయని నువ్వంటావు. ఒకసారి దెబ్బ తిన్న మనిషి చూసుకొని దిగుతా ఉండాదని నేనంటాను. కాదని రుజువు చెయ్యి."

"ఆమెను తీసేస్తారా మళ్లీ?"

"తీసేసేదేమి? కండ్లు ఆపరేషన్ చేయించుకోమను. వదినింటికి పోయి పడుకోవద్దు, ఈడనే పడుకోమను," అన్నాడు. అది వాదనలో భాగం కాదన్నట్టు అటు తిరిగి చెప్పినాడు.

ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని మళ్లీ పొయ్యి ముందర కూర్చుంది. నా జాకెట్టు హుక్కులన్నీ లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆమె బతుకు ఆమెకు దక్కింది, నా వాదన మాత్రం తెగలేదు. పిల్లలకు ఏటేటా చెప్తాను, ప్రయోగంలో ఒకేసారి ఒకటే మార్చాల, రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలియదని. మేము ఏం చేసినాము? పందిరి వేసినాము, గోడలు తెల్లగా కొట్టినాము, బల్బు జరిపినాము, గీత గీసినాము, అన్నీ వారం తిరక్కుండానే. దానికి తోడు ఆమె భయం ఒకటి. ఆ తర్వాత కండ్లే మారిపోయినాయి.

ఇప్పుడు నాకూ చత్వారం వచ్చింది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు గుమ్మం కాడ ఆగి, ఒక కన్ను మూసి, ఇంకొకటి మూసి చూసుకుంటాను, పక్కింటి వాళ్లు ఏమనుకున్నా సరే. నా కండ్లకు ఏమి కనపడుతుందో తెలుస్తుంది. ఆమె కండ్లకు ఆ పొద్దు ఏమి కనపడిందో తెలియడం లేదు. కొత్త కట్టడాలకు దీపాలు పెట్టే ఇంజనీర్లు ఎవరు కనపడినా అడుగుతాను. గదికి ఎంత వెలుతురు కావాలో లెక్క కట్టి చెప్తారు. నేనడిగేది అది కాదు. పొర కమ్మిన కండ్లతో, చేట రెండు చేతులా పట్టుకొని, అలవాటైన మెట్లే కదా అనుకుంటూ ఎండలోంచి దిగిన ఆ మనిషిని, ఆ ఏడాదంతా పడకుండా కాపాడింది మేము చేసిన వాటిలో ఏది?